ఆదివారం ఆకులు

ద్రాక్షకు పట్టే బూజు తెగులు బతికున్న ఆకు మీదే బతుకుతుంది. వారానికోసారి కొత్త ఆకు మీదికి మార్చకపోతే చచ్చి ఊరుకుంటుంది. తెగులును తట్టుకునే తీగను కనిపెట్టాలంటే ముందు తెగులును బతికించుకోవాలి. అందుకే ఇరవై రెండేళ్లుగా ఒక శాస్త్రవేత్త ఆదివారాలన్నీ ల్యాబులోనే గడిచాయి.

రిటైరైన రోజు ఆమెను తీసుకెళ్లడానికి భర్త వచ్చాడు.

"ఈ బూజు మూలాన ఒక్క ఆదివారం ఇంటిపట్టున లేదయ్యా," అన్నాడు ల్యాబు అటెండరుతో నవ్వుతూ. "రేపట్నుంచి గడప దాటనిస్తే ఒట్టు!"

అటెండరు తెల్లబోయాడు. "అదేంటి సార్? ఆదివారం ఆకులు మార్చేది నేనే కదా! అరగంట పని. మేడమ్ ఊరికే ఆ కిటికీ దగ్గర కూర్చునేవారు."

భర్త నవ్వు ఆగిపోయింది.

అటెండరుకు ఇవ్వబోయిన ల్యాబు తాళంచెవిని ఆమె మళ్లీ గుప్పిట్లో బిగించుకుంది.