పర్లేదంటే రెండు

చేరిన మొదటిరోజే కనకలక్ష్మి, సిస్టర్ రూతు రాసే అంకె తప్పని చెప్పింది.

ఉయ్యూరు రోడ్డు మీది ఆ హోమ్, ఇక తమ వల్ల కాదని డాక్టర్లు చేతులెత్తేసిన క్యాన్సర్ రోగుల్ని ఆఖరి రోజుల్లో బాధ లేకుండా చూసుకోవడానికి పెట్టింది.

రూతు రోజుకు నాలుగుసార్లు ప్రతి మంచం దగ్గరా ఆగి, నొప్పి పదిలో ఎంతో అడిగి రిజిస్టరులో రాయాలి. రెండేళ్ల కిందట గవర్నమెంటు పెట్టిన రూలు అది.

అంకె ఐదు దాటితే గంటలోపు మార్ఫిన్ మాత్ర ఇవ్వాలి, డాక్టరును పిలిపించాలి. డాక్టరేమో బెంజ్ సర్కిల్లో తన క్లినిక్ వదిలి శనివారం తప్ప రాడు. మాత్రల బీరువా తాళం మేనేజరు సిద్ధార్థ జేబులో ఉంటుంది.

అందుకని రూతు అంకె అడగదు. పర్లేదా అని అడుగుతుంది.

మన వైపు మనుషుల మొహమాటం తెలిసిందే కదా. ప్రాణం పోతున్నా సరే, ఎవరైనా అలా అడిగితే పర్లేదండీ అనే అంటారు. పర్లేదంటే రెండు అని రూతు రాసేస్తుంది.

కనకలక్ష్మి మాత్రం ఆ మాట అనలేదు.

"పర్లేదు అనేది అంకె కాదండీ. నాకు ఎనిమిది. ఎనిమిదే రాయండి."

అరవై దాటిన మనిషి. ఒంటరిగా ఆటోలో వచ్చి దిగింది. జబ్బు ఎముకల్లోకి పాకింది. ఏం చేసేవారని అడిగితే ఆఫీసులో కాగితాల పని అంది. ఈ హోమ్ గురించి బాగా తెలుసుకునే వచ్చానంది. ఆ తర్వాత చుట్టూ ఉన్న మంచాలను ఒక్కొక్కటిగా చూసింది.

రూతు తల ఊపి, రెండు అని రాసుకుంది.

మర్నాటి నుంచి ఆవిడ పక్కవాళ్లనీ చెడగొట్టడం మొదలుపెట్టింది. చెడగొట్టడమనేది సిద్ధార్థ మాట. పక్క మంచం షహజాది నెలరోజులుగా దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని పడుకునేది. అడిగితే పర్లేదమ్మా అనేది. కనకలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. సాయంత్రం రూతు వచ్చేసరికి షహజాది తొమ్మిది అంది, అని భోరున ఏడ్చేసింది.

ఆ ఏడుపు విని రూతు నేరుగా వెళ్లి సిద్ధార్థను తాళం అడిగింది.

అతను ఇవ్వలేదు. గురువారం ఇన్‌స్పెక్షన్ ఉందన్నాడు. ఏడాది పొడుగునా రెండు ఉన్నచోట ఇప్పుడు తొమ్మిది కనబడితే వాళ్లు పాత పేజీలన్నీ తిరగేస్తారని, హోమ్ మూతబడుతుందని, ఇరవై మంది ఉద్యోగాలు పోతాయని చెప్పాడు. రిజిస్టరులో ఉన్నది ఎవరి చేతిరాతో కూడా గుర్తుచేశాడు.

రూతు చెడ్డది కాదు, భయస్తురాలు. నొప్పితో ఉన్నవాళ్లకు ఆ తేడా ఏమీ తెలియదు.

కనకలక్ష్మి కూడా గురువారం కోసమే చూస్తోంది. వచ్చేవాళ్లతో తను మాట్లాడతానని, అప్పటిదాకా ఓపిక పట్టమని షహజాదికి చెబుతుంటే రూతు విన్నది. ఆ మాట తీసుకెళ్లి సిద్ధార్థ చెవిన వేసింది. ఎందుకు వేసిందో ఆమెకే తెలియదు.

గురువారం పొద్దున్నే కనకలక్ష్మిని వెనక గదిలోకి మార్చారు. విరిగిన వీల్‌చైర్లు, పాత పరుపులు పడేసే గది అది. అక్కడ గాలి బాగా వస్తుందని అబద్ధం చెప్పి రూతే మంచం తోసుకెళ్లింది.

ఆవిడ పెదవులు నల్లబడిపోయాయి. పది అంది. ఒక్క మాత్ర ఇప్పించమంది.

"వాళ్లు వెళ్లిపోగానే ఇస్తానమ్మా. రెండు గంటలు ఓర్చుకోండి."

కనకలక్ష్మి మంచం ఊచను పట్టుకుంది.

"పర్లేదు సిస్టర్."

ఆ మాట వినగానే రూతుకు బరువు దిగినట్టయింది. అలా అయినందుకు సిగ్గేసింది. అయినా తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

పదకొండింటికి ఆఫీసరు వెంకటసుబ్బారావు వచ్చాడు. నెమ్మదైన మనిషి. ప్రతి మంచం దగ్గరా ఆగి ఎలా ఉందని అడిగాడు. ఆయన వెనకే సిద్ధార్థ నిలబడ్డాడు. అందరూ పర్లేదండీ అన్నారు. షహజాది పక్కనున్న ఖాళీ చోటు వైపు ఒకసారి చూసి, తనూ అదే అంది.

ఆయన రిజిస్టరు తిరగేసి, చాలా పద్ధతిగా రాశారని రూతును మెచ్చుకున్నాడు. సంతకం పెట్టాక, కనకలక్ష్మి గారు ఇక్కడే చేరారని తెలిసిందని, ఒకసారి చూసి వెళ్తానని అన్నాడు.

సిద్ధార్థ ముఖాన నెత్తురుచుక్క లేదు. రూతు ఏమీ ఆలోచించకుండా వెనక గది వైపు నడిచింది. ఆఫీసరు ఆమె వెంట వచ్చాడు.

కనకలక్ష్మి కళ్లు తెరిచే ఉన్నాయి. రెండు చేతులూ మంచం ఊచల్ని పట్టుకుని బిగుసుకుపోయాయి. రూతు నాడి చూసింది. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

వెంకటసుబ్బారావు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. ఆ చేతుల్ని చూశాడు, చుట్టూ ఉన్న పాత పరుపుల్ని చూశాడు. రూతు వైపు తిరిగాడు.

"ఈ రిజిస్టరు రూలు రాసింది ఈవిడేనమ్మా. రిటైరయ్యేదాకా అన్ని హోముల రిపోర్టులూ తనే చదివేవారు. తన జబ్బు సంగతి తెలిశాక, అన్నిటికన్నా తక్కువ నొప్పితో మనిషి పోయే చోటు ఇదేనని, నువ్వు రాసిన అంకెలు నమ్మి ఇక్కడికొచ్చారు."