మొక్కు తాళ్లు

బూట్ల మనిషి గట్టు దిగి వస్తుంటే బుల్లియ్య పీతల బుట్ట మీద కూర్చున్నాడు.

"అప్పయ్యా, తాళ్లు దాచెయ్."

"నీళ్లలో ఉన్న తాళ్లు ఎక్కడ దాచీది?" అన్నాడు అప్పయ్య.

1926లో రంగూన్ నది దాటి దలా కాలవలో పీతలు పట్టాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు ఇచ్చే ఆఫీసుకు ఆదివారం సెలవు. రేవులో మూటలు మోసే బుల్లియ్యకూ, అప్పయ్యకూ ఆదివారమే సెలవు. కాబట్టి ఇద్దరికీ లైసెన్సు లేదు. దలాకు రావడం కూడా అదే మొదలు.

పీతలు మాత్రం ఆ రోజే కావాలి.

బుల్లియ్య అత్త దేముడమ్మ భీమిలి నుంచి వచ్చి నెలయింది. తిరుగు ఓడ మర్నాడే. రంగూన్‌ను రంగం అనే ఆవిడది నెలంతా ఒకటే మాట.

"మా అల్లుడుండే రంగంలో పీతే నేదు."

బజారు పీత వండిపెడితే ముట్టలేదు.

"కాళ్లు కట్టేసిన పీత ఎప్పుడు సచ్చిందో ఎవుడికెరిక?" అంది.

ఈ మాటలు ఓడ దిగితే బుల్లియ్య ఇక భీమిలిలో తలెత్తుకోలేడు. పొద్దున బయల్దేరేటప్పుడు భార్య సూర్యావతి మసాలా నూరుతూ చెప్పింది.

"ఒట్టి చేతుల్తో వొస్తే నువ్వూ మాయమ్మతో ఓడెక్కీ."

బూట్ల మనిషి దగ్గరికి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. పంచె మీద కోటు వేసుకున్నాడు. బురదలోకి బూట్లతో వచ్చేవాడు సర్కారు మనిషేనని ఇద్దరూ అనుకున్నారు.

"తెలుగోళ్లేనా?"

"అవును బాబూ."

"పీతలకొచ్చారేటి?"

"నేదు బాబూ. గాలికి కూకున్నాం," అన్నాడు బుల్లియ్య.

"లైసెన్సుందా?"

"గాలికి లైసెన్సేటి బాబూ?"

ఆయన నవ్వాడు. నీళ్లలోకి దిగిన తాళ్లను చూశాడు.

"మరివేటి?"

"మొక్కు," అన్నాడు అప్పయ్య. "గంగమ్మ తల్లికి మొక్కు తాళ్లు. మా బుల్లియ్యకి పిల్లలు నేరు బాబూ."

బుల్లియ్యకు నలుగురు పిల్లలు. అయినా తల దించుకున్నాడు.

"మొక్కు తాడుకి కోడిపేగు ఎర కడతారా?"

"తల్లికి నైవేద్యం."

బుట్ట సందులోంచి ఒక పీత బుల్లియ్యను పట్టుకుంది. అతను కళ్లు గట్టిగా మూసుకుని పళ్లు బిగించాడు.

"ఏటి తమ్ముడూ, అలాగైపోయావు?"

"భక్తి బాబూ," అన్నాడు అప్పయ్య.

అప్పుడే ఒక తాడు బిగిసింది. అప్పయ్య చెయ్యి ఆగలేదు. లాగేశాడు. పళ్లెమంత పీత పైకొచ్చింది. దేముడమ్మ నోరు మూయించగల పీత.

బూట్ల మనిషి వంగి చూశాడు.

"అరచేతికి మించే ఉంది. కడుపు కింద గుడ్లు నేవు. ఉంచుకోవచ్చు."

రూల్సు చెప్పాడంటే ఇన్‌స్పెక్టరే. ఉంచుకుంటే పట్టుకుందామని చూస్తున్నాడు. బుల్లియ్య కూర్చున్నచోటి నుంచే అప్పయ్య చేతిలోని పీతను లాక్కుని కాలవలోకి విసిరాడు.

"మాకెందుకు బాబూ? మేం పీతలు తినం."

"తినరా?"

"మా ఇంట్లో ఆ వోసనే పడదు."

ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టాడు. మళ్లీ తీసేశాడు. చేతిలో ఏమీ లేదు.

"పీతలు పట్టకపోతే నాకిక్కడ పని నేదు మరి."

"నేదు బాబూ. బొత్తిగా నేదు," అన్నారిద్దరూ.

"అదిగో, ఆ గట్టున ఆరుగురు పడతన్నారు సూడండి," అని అప్పయ్య చెయ్యి చూపించాడు. "ఒక్కడికీ లైసెన్సు నేదు."

"పాపం, నేదా?" అంటూ ఆయన వంతెన వైపు గబగబా నడిచాడు.

"పాపమంట!" అని అప్పయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆళ్ల పని అయిపోయినట్టే."

బుల్లియ్య లేచి పీతను వదిలించుకున్నాడు. కాలవలోకి పోటు నీరు బాగా వచ్చింది. కాసేపట్లో బుట్ట నిండింది.

కాలవలోకి ఒక సాంపాన్ పడవ వచ్చి ఆగింది. లుంగీ కట్టుకున్న బర్మా మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని దిగాడు. బుల్లియ్య అతన్ని పిలిచి మరీ మూత తీశాడు.

"సూడన్నా, ఎలాగున్నాయో!"

"బాగున్నాయి," అన్నాడతను తెలుగులోనే. నడుముకు దోపుకున్న బిళ్ల తీసి చూపించాడు. "నేను ఇన్‌స్పెక్టరు ఊ బో తిన్. లైసెన్సు?"

బుల్లియ్య మూత మళ్లీ పెట్టబోయాడు.

"మరి ఇందాకొచ్చిన బూట్లాయన?" అన్నాడు బుల్లియ్య.

"దండాసిగారా? పజుండౌంగ్ బియ్యం మిల్లులో ఫిట్టరు. రేవులో నన్ను అడిగారు, ఈరోజు దలాలో ఎవరైనా లైసెన్సు లేకుండా కూర్చున్నారా అని. పొద్దున మీరు తాళ్లు, బుట్టతో పడవెక్కడం చూశాను కాబట్టి మీరున్నారని చెప్పాను. ఏరి?"

అప్పయ్య అవతల గట్టు చూపించాడు. ఆరుగురి మధ్యన దండాసి కూర్చుని ఉన్నాడు. వాళ్ల బుట్టలు నిండుతున్నాయి. ఊ బో తిన్ అటు చెయ్యి ఊపాడు గాని కదల్లేదు.

"అక్కడికి ఎల్లరేటి బాబూ? ఆళ్లకీ నేదు లైసెన్సు!" అన్నాడు అప్పయ్య.

"దండాసిగారికి ఉంది. లైసెన్సున్న మనిషి పక్కన కూర్చున్నవాళ్లు కూడా పట్టుకోవచ్చు. రూలు అది."

ఊ బో తిన్ బుట్టను గట్టు మీద బోర్లించాడు. పీతలు బురద మీదుగా పక్కకు పక్కకు నడిచి నీళ్లలోకి వెళ్లిపోయాయి. బుల్లియ్య ఆఖరి పీత మునిగేదాకా చూశాడు.

"ఆయన కూడా పీతలకే వస్తే తాడేది? బుట్టేది?" అన్నాడు.

"ఆయన పీత ముట్టరు," అన్నాడు ఊ బో తిన్. "మిల్లులో ఒక రోజు కూలి వదులుకుని ఏటా లైసెన్సు తీసుకునేది, ఆదివారాలు మీలాంటివాళ్ల పక్కన కూర్చోవడానికే."