ఆదివారం మెకానిక్

జూన్ ఇరవై రెండో తేదీ, ఆదివారం. కారు దొంగిలించడానికి వెళ్లిన శ్యామ్ ఆ ఇంట్లోనే పీట మీద కూర్చుని, మామిడికాయ వేసిన వంజరం చేపల పులుసుతో మూడుసార్లు మారు వడ్డించుకుని తిన్నాడు. ఆ తేదీ అతనికి ఎప్పటికీ గుర్తుండిపోతుంది.

అంతకు ముందు వారం పురసవాక్కంలో ఒక టీకొట్టు దగ్గర వెంకటాచలపతి అనే పెద్దాయన ఎవరికో గట్టిగా చెబుతుంటే విన్నాడు. ముప్పై ఏళ్ల నాటి ఎర్ర స్పోర్ట్స్ కారు. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉంది. ఇంజను భేషుగ్గా ఉంది. వెనక స్ప్రింగులు మాత్రం కుంగిపోయాయి. మనిషి ఎక్కితే చాలు, టైర్లు మడ్‌గార్డుకు రాసుకుని పట్టేస్తాయి.

అలాంటి కార్ల మీద మోజున్న ఒకాయన, కాగితాలు అడక్కుండా మూడు లక్షలు ఇస్తానన్నాడు. అయితే ఆ సందులోకి లారీ రాదు. కారు తన చక్రాల మీద తాను బయటికి రావలసిందే.

"పాత బండ్లంటే ప్రాణం మామా. కూలి వద్దు. ఆదివారాలు వచ్చి వెనక స్ప్రింగుల పని చేసిపెడతా" అన్నాడు శ్యామ్, ఆ ఇంటికి వెళ్లి పెద్దాయనతో.

"నీలాంటోళ్లు ఉండబట్టే ఈ కాలంలో కూడా వానలు పడతా ఉండాయి నాయనా" అన్నాడు వెంకటాచలపతి.

పుదుప్పేటలో చవగ్గా దొరికిన పాత స్ప్రింగులు తెస్తే, పెద్దాయన చేతికర్రతో తట్టి చూసి పెదవి విరిచాడు.

"ఇవొద్దబ్బయా. ఆరు నెల్లకి మళ్లా కుంగిపోతాయి. వేసేదేదో మంచివే వెయ్యి."

శ్యామ్ తన బైకు అమ్మి కొత్త స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బుష్షులు కొన్నాడు. ఆపై ఆదివారం బస్సులో వచ్చాడు.

కారు కింద వెల్లకిలా పడుకుని స్పానర్ తిప్పుతుంటే పైనుంచి గొంతు వినబడింది.

"బుష్షుల బోల్టులు ఇప్పుడే బిగించబాక. బండి నేల మీద నిలబడినాక బిగించాల. లేకుంటే రబ్బరు మెలితిరిగి చినిగిపోతాది."

"మీకివన్నీ ఎట్లా తెలుసు మామా?"

"ఆయనకి తెలియంది ఏముండాది?" అంది ఆయన భార్య జానకీదేవి, మజ్జిగ గ్లాసుతో వస్తూ. "మోకాళ్లే వంగవు. నోరు బాగానే పనిచేస్తాది."

శ్యామ్ వేళ్ల కణుపులు చీరుకుపోవడం చూసి ఆమె లోపలికి వెళ్లి పసుపు తెచ్చి అద్దింది.

"పెండ్లి అయిందా నాయనా?"

"లేదమ్మా."

"అదే చూడు. ఇంత ఒడుపైన పిల్లోడు ఎవురి కంటా పడలేదే!"

అతని వేలికి పసుపు పెట్టినవాళ్లు ఈ మధ్యకాలంలో ఎవరూ లేరు. ఈ దొంగతనం మానేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. అంతలో అమ్మేసిన బైకు గుర్తొచ్చింది.

ఐదో ఆదివారానికి పని పూర్తయింది. ఆ సాయంత్రం దంపతులిద్దరూ కోడంబాక్కంలో షష్టిపూర్తి విందుకు బయలుదేరారు.

"షెడ్డు తాళం, బండి తాళం రెండూ నీ దగ్గరే పెట్టుకో. చిల్లర పని ఏమన్నా ఉంటే చూసుకో" అన్నాడు పెద్దాయన.

ఆటో మలుపు తిరిగింది. శ్యామ్ కారెక్కి కూర్చున్నాడు. వెనకభాగం కొంచెం కూడా కుంగలేదు. తలుపులోంచి వంగి చూస్తే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్ల సందు! తన పనికి తనకే ముచ్చటేసింది. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. గేరు వేసి క్లచ్ వదిలాడు.

ఇంజను గర్జించింది. కారు కదల్లేదు.

రెండో గేరు వేశాడు. రివర్స్ వేశాడు. దిగి చక్రాల కింద చూశాడు. మళ్లీ ఎక్కాడు. అలా గంటన్నర గడిచేసరికి తాంబూలం సంచితో దంపతులు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఏమి నాయనా, కదల్లేదా?"

"ఊరికే... స్ప్రింగులు ఎట్లుండాయో చూద్దామని..."

"క్లచ్చి పోయి మూడేండ్లయింది గదా. నీకు చెప్పలేదా నేను?"

"చెప్పలేదు మామా."

"ముసలితనం. ఏం చేసేది!"

శ్యామ్ ఇంజను ఆపి కారు దిగాడు. తర్వాత చేతులు తుడుచుకుని, తాళాలు పెద్దాయన చేతిలో పెట్టాడు.

"వచ్చే ఆదివారం క్లచ్ ప్లేటు తెస్తా మామా" అన్నాడు నీరసంగా.

"కొత్తది చూసి తీసుకురా" అన్నాడు వెంకటాచలపతి.

జానకీదేవి సంచిలోని లడ్డూ తీసి శ్యామ్ చేతిలో పెట్టింది. అతను సందు చివర మలుపు తిరిగేదాకా చూసి నిట్టూర్చింది.

"పాపం, నెలలోనే సగమైపోయినాడండీ."

"ఇంజను బాగుచేసిన దొంగ కంటే, బ్రేకులు మార్చిన దొంగ కంటే వీడి పనే శుభ్రంగా ఉండాది జానకీ" అంటూ వెంకటాచలపతి ఆ రాత్రికి చప్పుడు కాకుండా షెడ్డు తలుపు మూశాడు.