సప్పుడు లేని ఇంజన్

“ఈ ఇంజన్ తీసేస్తే ఇది ఉత్త డబ్బా అయితది పెద్దనాయినా,” అన్నాడు మెకానిక్ బాలరాజు, అంబాసిడర్ బానెట్ ఎత్తి పట్టుకుని.

“కానియ్యి. సప్పుడు లేనిది పెట్టు,” అన్నాడు పర్శరాములు.

బాలరాజుకు మనసొప్పలేదు. తన అక్కను దుబ్బాకలోని అత్తగారింటికి సాగనంపింది ఈ కారులోనే. ఆ డీజిల్ ఇంజన్ దడదడ వినపడితే చాలు, సిద్దిపేట గల్లీల్లో పిల్లలంతా వెంటపడేవాళ్లు. తానూ చెప్పుల్లేకుండా పరుగెత్తినవాడే. ముప్పై ఏళ్లు కిరాయికి తిప్పినా, కారును పెళ్లాం కంటే ఎక్కువ చూసుకుంటాడని పర్శరాములును అడ్డా మీదివాళ్లు ఆటపట్టించేవాళ్లు. అలాంటి మనిషికి ఈ వయసులో ఇదేం బుద్ధి?

“మీ పెద్దమ్మకు ఏదీ యాది ఉంటలేదు రా,” అన్నాడు పర్శరాములు. “ఈడ కిరాయింట్ల నిద్ర పడ్తలేదు. పొద్దుగూకితే ఊరికి పోదాం పా అంటది. కారెక్కిస్తే తొవ్వలనే పండుకుంటది. మొన్న ఊరి దగ్గరికి పోయినంక ఇంజన్ సప్పుడుకు లేచింది. రెండు దినాలు బువ్వ ముట్టలే.”

“నిద్ర చెడితే అట్లనే అయితది,” అన్నాడు బాలరాజు. ఇక వాదించలేదు.

వారం తిరిగేసరికి, తుక్కులో దొరికిన పెట్రోల్ ఇంజన్ బాగుచేసి బిగించాడు. అదిరిపోకుండా కింద కొత్త రబ్బర్లు వేశాడు. సాయంత్రం ట్రయల్‌కు ముగ్గురూ బయల్దేరారు. పర్శరాములు భార్య లింగవ్వ, ఊళ్లోని ఇంటి తాళంచెవి కొంగుకు ముడేసుకుని వెనక సీట్లో కూర్చుంది.

“బర్రెకు కుడిది పెట్టాలె. జల్ది పోనియ్యి,” అంది.

“పోతున్న గదనే.”

“మన దర్వాజ కాడనే ఆపు. మొన్నటి లెక్క ఏడికో తీస్కపోకు.”

“ఈపారి మనింటికే,” అన్నాడు పర్శరాములు.

తొగుట దగ్గరపడుతుండగా ఆమె తల సీటుకు వాలింది. ఇంజన్ నడుస్తోందా లేదా అన్నట్టుంది. బాలరాజు తన పనితనానికి తానే మురిసిపోయాడు. అంతలో పర్శరాములు వేగం తగ్గించి, కారును మెల్లగా సిద్దిపేట వైపు తిప్పాడు.

“ఊరు రానేలేదు గద పెద్దనాయినా. పెద్దమ్మను లేపి ఇల్లు చూపియ్యవా?” అడిగాడు బాలరాజు.

పర్శరాములు అద్దంలో భార్యను చూసుకున్నాడు.

“మా ఊరు మల్లన్నసాగర్ డ్యాం నీళ్లల్ల మునిగింది బిడ్డా.”