తొడగొట్టిన చెయ్యి

"తొడ కొడితే చెయ్యి విరిగిందా?" డాక్టరమ్మ నవ్వాపుకుంటూ అడిగింది.

వీధంతా వస్తాదని పిలిచే ఆ పెద్దమనిషి మీసం మెలెయ్యబోయాడు. విరిగింది మీసం మెలేసే కుడిచెయ్యే.

పక్కింటివాడు వస్తాదు గేటుకి అడ్డంగా కారు పెడితే, బావమరిది పోనిద్దురూ అన్నాడు. "చేతులకి గాజులు తొడుక్కోరా!" అని వస్తాదు వీధిలోకి దూకి తొడగొట్టాడు. మణికట్టు పుటుక్కుమంది. చివరికి ఆ కారులోనే ఆస్పత్రికి రావాల్సి వచ్చింది.

"ఎముకలు గుల్లబారాయి. హార్మోన్ తక్కువ," అంది డాక్టరమ్మ రిపోర్టు చూస్తూ.

"మగ హార్మోనా?" వస్తాదు గొంతు నూతిలోంచి వచ్చింది.

"అదీ తక్కువే. అందులో కొంత ఒంట్లో ఆడ హార్మోన్‌గా మారుతుంది. మగాళ్ళ ఎముకల్ని ముఖ్యంగా కాపాడేది అదే. మీకది అడుగంటింది."

"అంటే, ఇన్నాళ్ళూ నన్ను నిలబెట్టింది ఆడ హార్మోనా?"

"మరి మీసం అనుకున్నారా?"

వెంట వచ్చిన బావమరిది గబుక్కున కిటికీ వైపు తిరిగాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

డాక్టరమ్మ తడి పిండికట్టు మణికట్టు చుట్టూ వరసలు వరసలుగా తిప్పింది. "బిగువుగా ఉందా?"

వస్తాదు బావమరిది వీపు వంక చూశాడు. చెయ్యి బుద్ధిగా ఇంకాస్త చాపాడు.

"సరిపోయిందమ్మా. ఇంకో రెండు తొడగండి."