ఈ నెల పూల మీద

"తెల్లవే ఇవ్వమ్మా, రెండు దండలు" అంటూ మేస్త్రీ పూలామె మిషనుకి కార్డు తాకించాడు. ఇంట్లో భార్య శవం దగ్గర అందరూ వీటికోసమే ఎదురుచూస్తున్నారు.

జేబులో భార్య ఫోను టింగుమంది. చూడటానికి మనసొప్పక, వెంట వచ్చిన బావమరిది చేతిలో పెట్టాడు.

"క్యాష్‌బ్యాక్ పడింది బావా. పూల మీద."

"పూల మీదేమిట్రా? ఈ నెల కిరాణా మీద కదా!"

ఆ కార్డు ఇచ్చిన యాప్ బ్యాంకులో ఏ సరుకు మీద డబ్బు వెనక్కి రావాలో నెల మొదలవకముందే ఎంచుకోవాలి. ఆ పెత్తనమంతా ఇల్లాలిదే. "సాయంత్రానికి వాడిపోయేదానికి డబ్బు తగలేస్తారా?" అని పెళ్ళిరోజుకైనా పూలు కొననిచ్చేది కాదు.

"కాదు బావా, అక్క పూలే పెట్టింది. పోయిన నెలాఖరున, ఆస్పత్రిలో ఉన్నప్పుడు."

పూలామె అందించిన దండలు మేస్త్రీ రెండు చేతులా అందుకున్నాడు.

"డాక్టరు పెదవి విరిచిన సంగతి అక్కకి తెలుసా?"

"నేను చెప్పలేదురా. వచ్చే నెల ఇంటికెళ్ళిపోతాం, కిరాణా పెట్టు, నీ చేత్తో వండుదువుగాని అన్నాను."

"మరి అక్కేమంది?"

"'మీరు చెప్పినట్టే పెట్టానండీ' అంది." మేస్త్రీ దండలు రెండూ గుండెకి అదుముకున్నాడు. "ఫోను పక్కన పెట్టేసి, చాలాసేపు నా చెయ్యి వదల్లేదురా. ఇంటికెళ్తున్నామన్న సంబరం అనుకున్నాను."