మొదటి బల్లలో నాలుగో చోటు

“స్తంభం వెనక నన్ను కూర్చోబెడతారా? నన్నా?” అంటూ కెప్టెన్ యోతాము వాడ్లీ లేచి నిలబడ్డాడు. అతని చంకలో ఎర్ర మెత్త ఉంది. ముందు బల్ల మీద వేసుకోవడానికి పోయిన చలికాలంలోనే పెళ్లాం చేత కుట్టించుకున్నాడు.

హెబ్రోను ఊరి సభ ఎప్పటిలాగే చర్చి పెద్ద డీకన్ అజర్యా గడ్డికొట్టంలో జరుగుతోంది. ఇంగ్లండులో ఉన్నప్పుడు ఎవరెక్కడ కూర్చోవాలో దొరలు చెప్పేవారు, నోరు మూసుకుని కూర్చునేవాళ్లం. ఈ మసాచుసెట్స్ అడవికి వచ్చాక స్వేచ్ఛ దొరికింది. అందుకే మూడేళ్లుగా ఎవరం కూర్చోలేదు.

“స్తంభం సంగతి ఇప్పుడెందుకు నాయనా?” అన్నాడు సభకు పెద్దగా ఉన్న అజర్యా. “పోయినేడేగా రెండడుగులు పక్కకు జరిపాం, పదమూడు ఓట్లతో.”

“జరిపి ఏం లాభం? ఇప్పుడు ఉత్తరం తలుపు గాలి తిన్నగా నా మెడ మీదికొస్తుంది!”

“తలుపు జోలికెళ్లారంటే ఊరుకోం!” అని బయటినుంచి ఒక గొంతు లేచింది. ఓటు లేని ఆడవాళ్లంతా కొట్టం బయట ఓక్ దుంగల మీద కూర్చుని ఉన్నారు. ఓటు లేదు కాబట్టి నోటికి అడ్డూ లేదు. “కిటికీ ఎడమవైపుకి మార్చడానికే మీకు ఏడాది పట్టింది!”

అజర్యా గోడకు తగిలించిన పటం ముందుకెళ్లాడు. మందిరంలో ఏ బల్ల మీద ఎవరు కూర్చోవాలో అందులో గీసి ఉంది. మొదటి బల్లలో మూడు పేర్లున్నాయి. నాలుగో చోటు ఖాళీ. ఆ జానెడు చోటు కోసం వాడ్లీ కూతురి పెళ్లి చెడింది, అజర్యా ఇంటికి వాడ్లీ ఇంటినుంచి నిప్పు ఇవ్వడం కూడా మానేశారు.

రెండో ఆశావహుడు బర్జిల్లయి కెంప్టన్. పీపాలు చేసే ముసలాయన, డెబ్బై ఎనిమిదేళ్లవాడు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది పోబోతోంది. బిషప్పుల పీడ లేకుండా దేవుడి వాక్యం వినాలని సముద్రం దాటి వచ్చాడు. వచ్చాక ఈ నాలుగేళ్లలో ఒక్క ముక్క వినలేదు.

“నాకు గౌరవం వద్దు బాబూ, వినపడే దూరం చాలు,” అన్నాడు బర్జిల్లయి. “వెనకెక్కడో నిలబడి, అయ్యగారి గడ్డం ఆగినప్పుడల్లా ఆమెన్ అంటున్నాను. నన్ను తిట్టినా ఆమెన్ అంటున్నానేమో ఎవరికి తెలుసు? చచ్చేలోగా ఒక్క ప్రసంగం విని పోతాను.”

ముసలాయన్ని చూస్తే రాయికైనా జాలి కలుగుతుంది, కానీ వాడ్లీ రాయి కాదు, కెప్టెన్.

“దేవుడి మాట నీకు వినపడకపోతేనేం, నీ మాట దేవుడికి వినపడుతుందిగా! పన్నెండుమంది సైనికుల నాయకుణ్ణి, నేను వెనక కూర్చుంటే శత్రువులేమనుకుంటారు?”

“నువ్వెక్కడ కూర్చున్నావో చూడ్డానికి వాళ్లు ప్రార్థనకొస్తారేంట్రా?” అన్నాడు ఎవరో. వాడ్లీ మెత్త విసిరాడు. అది వెళ్లి ఆవు మీద పడింది.

“ఇక చాలు, ఓటు!” అని అజర్యా టోపీ తీశాడు. “నాలుగో చోటు బర్జిల్లయికి ఇవ్వాలన్నవాళ్లు మొక్కజొన్న గింజ వెయ్యండి. కూడదన్నవాళ్లు చిక్కుడు గింజ.”

సంఘంలో చేరి ఓటు సంపాదించుకున్న ఇరవై ఒక్కమందీ వరసగా వచ్చి గుప్పిళ్లు టోపీలో విప్పారు. అజర్యా టోపీని బల్ల మీద బోర్లించాడు. మొక్కజొన్న పది. చిక్కుడు పది. ఇంకొకటి గుమ్మడి గింజ.

“ఎవడిదిది?”

వెనకనుంచి పెలట్యా క్రాబ్ మెల్లగా చెయ్యెత్తాడు.

“గుమ్మడి అంటే ఏంట్రా అర్థం? అవునా, కాదా?”

“అవుననే అయ్యా. మొక్కజొన్న గింజే వేద్దామనుకున్నాను. పొద్దుటినుంచీ మీరు స్తంభం దగ్గరే ఉన్నారాయె. ఆకలేసి నమిలేశాను. జేబులో ఇదొక్కటే మిగిలింది.”

“చిక్కుడు గింజ కూడా ఇచ్చాంగా, అదేం చేశావు?”

“దాన్ని ముందే తినేశాను.”

“నమిలేసిన ఓటు చెల్లదు!” అని వాడ్లీ అరిచాడు.

అందరూ పాస్టరుగారి వైపు చూశారు. ఆయన ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ప్రార్థించాడు.

“దేవుడు టోపీలోకి చూడడు, హృదయంలోకి చూస్తాడు,” అన్నాడు చివరికి.

“ఆ ఓటు హృదయంలో లేదయ్యగారూ, కడుపులో ఉంది!” అన్నాడు వాడ్లీ.

“రెంటికీ మధ్య జానెడే దూరం. చెల్లుతుంది.”

పదకొండు, పది. అజర్యా ముసలాయన కుడి చెవిలోకి వంగి, “నీదే! ముందు బల్ల నీదే!” అని అరిచాడు. బర్జిల్లయి ముఖం రెండు చేతులతో కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బయట ఆడవాళ్లూ కళ్లొత్తుకున్నారు. వాడ్లీ ఆవు దగ్గర్నుంచి మెత్త తీసి, పేడ దులిపి, ఏమనుకున్నాడో ఏమో, దాన్ని ముసలాయన ఒడిలో పెట్టాడు.

“ఇంక వింటాను,” అన్నాడు బర్జిల్లయి. “ఇంక ప్రతి మాటా వింటాను.”

అజర్యా పటంలో నాలుగో చోటు దగ్గర అతని పేరు రాశాడు. అందరూ లేచి దేవుడికి స్తోత్రం చెప్పారు.

ఇక మందిరం కట్టడమొక్కటే మిగిలింది.